తిన్నె మీద నాలుగు మాటలు



మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఒక అవ్వను తలుచుకుందాం. కొడుకు బెంగళూరులో ఉన్నాడు. కూతురు చెన్నైలో ఉంది. తాత పోయి రెండేళ్లయింది. నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. తిండికి లోటు లేదు. అయినా అవ్వ సంగటి ముద్ద ముట్టదు. రాత్రి నిద్దర పట్టదు. పగలు గడప దాటదు. "నేనుండి ఎవరికి లాభం?" అంటుంది.

"వయసైపోయింది, అంతే" అనుకుంటాం. అది సరికాదు. వయసు మీద పడితే చూపు తగ్గొచ్చు, మోకాళ్లు నొయ్యొచ్చు. కానీ రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే అది జబ్బు కావచ్చు. దాన్ని కుంగుబాటు అంటారు. దానికి వైద్యం ఉంది.

మొదటి సాయం మాత్రం మనమే చేయవచ్చు. దగ్గర కూర్చొని వినడమే ఆ సాయం.

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ మనసు జబ్బుల డాక్టర్లు చాలా తక్కువ. 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో బల్లలు వేశారు. దిగులుతో వచ్చినవాళ్లను అవ్వలు ఆ బల్ల మీద కూర్చోబెట్టుకుని వింటారు. కష్టాల్లో ఒకదాన్ని ఎంచుకుని, దారి వెతకడానికి తోడుంటారు. దీనివల్ల చాలామందికి దిగులు తగ్గిందని 2016లో పరీక్షించి చెప్పారు.

మనకు బల్ల కూడా అక్కరలేదు. ఇంటి ముందు తిన్నె ఉంది. పొదుపు సంఘం ఉంది. ఇద్దరిద్దరు వంతులు వేసుకుని వారానికి రెండుసార్లు వెళ్లవచ్చు.

"అవ్వా, ఏం చేస్తా ఉండావు?"

"ఏముంది మ్మా, పొద్దు పోదు."

"రాత్రి నిద్దర పట్టిందా?"

"యాడ పడుతుంది? మీ తాతే గుర్తుకొస్తాడు."

"తాత సంగతి చెప్పవ్వా, వింటా."

ఇంతే. మధ్యలో అడ్డు రావద్దు. "అందరికీ ఉండేదే, ఊరుకో" అనవద్దు. విన్నది కుళాయి దగ్గర చెప్పవద్దు. చింతపండు గింజ తీయడమో, పిల్లలకు కథ చెప్పడమో, అవ్వకు చేతనైన పని ఒకటి అడగండి. తనతో ఇంకా పని ఉందని అవ్వకు తెలుస్తుంది.

తిండి, నిద్ర బాగుపడకపోతే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మనసు జబ్బులకు వేరే విభాగం ఉంది. చావు మాట ఎత్తితే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలవద్దు. పురుగుల మందు అందకుండా దాచండి. వెంటనే 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. ఇంట్లోవాళ్లు చూడకపోయినా, కొట్టినా, తిట్టినా పెద్దవాళ్ల కోసం 14567 ఉంది.

చర్చించండి: మీ వీధిలో ఒంటరిగా ఉండే అవ్వాతాతలు ఎవరు? ఈ వారం ఎవరు వెళ్తారు?

రాయండి: 14416, 14567. ఈ రెండు నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి, అవ్వ ఇంటి గోడకు అంటించండి.