ఆ నీతి వాక్యం తీసెయ్యమ్మా

చి. సౌ. మాధవికి,

నీ ఉత్తరం చేరింది. ఈసప్ కథలు పిల్లల కోసం తెలుగులో తిరగరాస్తున్నావని చదివి ఎంత సంతోషించానో, ఆ తరవాతి మాటలకు అంత దిగులుపడ్డాను. ఈసప్ అనే మనిషే లేడట కదా, ముందుమాటలో అతని ఊసెత్తనన్నావు. బళ్ళవాళ్ళు కొనాలంటే ప్రతి కథ కిందా నీతి ఉండాల్సిందేనన్నావు. ఇవి రెండూ వేరు వేరు సంగతులని నీ ఉద్దేశం కాబోలు. నాకు రెండూ ఒకటే. మనిషిని తీసేశావు కనకనే ఆ ఖాళీలోకి నీతి వచ్చి కూర్చుంది.

ముందు మనిషి సంగతి. అనాకారి అనీ, మొదట మూగవాడనీ, గ్జాంథస్ అనే తత్వవేత్త ఇంట్లో చాకిరీ చేశాడనీ చెప్పేదంతా అతను పోయిన ఆరేడు వందల ఏళ్ళకు ఎవరో అల్లిన చరిత్రలోది. అందులో కొంత భాగం అహీకార్ అనే అస్సిరియా మంత్రి కథ నుంచి ఎత్తుకొచ్చిందే. దాన్ని నమ్మమనను. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మాట వేరు. ఈసప్‌ది క్రీ.పూ. 6వ శతాబ్దమంటారు, హెరొడోటస్‌ది ఆ తరవాతి శతాబ్దమే. ఈసప్ సామోస్ దీవిలో ఇయాడ్మాన్ అనే అతనికి బానిస అని రాశాడు. అతని చావుకు పరిహారం తీసుకోండని డెల్ఫీవాళ్ళు మాటిమాటికీ చాటింపు వేయిస్తే, ఆ ఇయాడ్మాన్ మనవడు తప్ప ఎవరూ రాలేదనీ రాశాడు. ఈ చివరి ముక్క చూడు తల్లీ. పోయినవాడి పేరు మీద సొమ్ము అందుకోడానికి కన్నబిడ్డలు కాదు, కొనుక్కున్నవాడి మనవడు వచ్చాడు. ఊరికే కథ అల్లేవాడికి ఇంత సాదాసీదా వివరంతో పనేముంది? ఇదే రుజువు అనను. లేడని కొట్టిపారెయ్యడానికి మాత్రం ఇది అడ్డం వస్తుంది.

ఇక కథ సంగతి. సామోస్‌లో ఒక ప్రజానాయకుడి మీద ప్రాణం పోయే నేరం మోపి విచారిస్తుంటే ఈసప్ అతని తరఫున చెప్పిన కథను అరిస్టాటిల్ తన వక్తృత్వశాస్త్రంలో భద్రపరిచాడు. ఏరు దాటబోయిన నక్క కొట్టుకుపోయి ఒక గండిలో ఇరుక్కుంది. బయటికి రాలేదు, ఒంటినిండా పిడుదులు. అటుగా వచ్చిన ముళ్ళపంది జాలిపడి, తీసెయ్యనా అంది. నక్క వద్దంది. ఇవి ఇప్పటికే కడుపునిండా తాగాయి, ఇక పీల్చేది కొంచెమే. వీటిని తీసేస్తే ఆకలి మీదున్న కొత్తవి వచ్చి మిగిలిన నెత్తురూ తాగేస్తాయి అంది. ఈసప్ సభవైపు తిరిగి, ఇతను సంపాదించుకోవడం అయిపోయింది, ఇతన్ని చంపితే సంపాదించుకోవాల్సినవాళ్ళు వస్తారు అన్నాడు. దీని కింద ఏ నీతి రాస్తావమ్మా? దోచుకునేవాణ్ణి కదిలించవద్దనా? ఒక బిడ్డకు అది నేర్పగలవా? ఆ సభలో, ఆ గంటలో, ఒక ప్రాణం నిలబెట్టడానికి అది వాదన. సభను తుడిచేసి కథను మాత్రం ఉంచితే మిగిలేది చెడ్డ ఉపదేశం.

ఆ నీతి వాక్యాలు అతనివి కావు కూడా. ఫలేరమ్ ఊరివాడైన డెమెట్రియస్ క్రీ.పూ. 300 ప్రాంతంలో ఈసప్ కథలు పోగుచేశాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు. వక్తలకు ఏ సందర్భంలో ఏ కథ అక్కరకొస్తుందో చెప్పే గుర్తులే కాలక్రమంలో నీతులుగా మారాయని పండితులు చెబుతారు. లాటిన్‌లో పద్యాలు కట్టిన ఫీడ్రస్ ఆ వాక్యాన్ని కొన్నిచోట్ల మొదట పెట్టాడు, కొన్నిచోట్ల చివర పెట్టాడు. కథలో పుట్టిందే అయితే దానికి ఒక చోటంటూ ఉండేది. అది అంగట్లో సరుకుకు కట్టిన చీటీ.

 

మన పంచతంత్రంలో నీతి లేదా అంటావు. ఉంది, అయితే ఎవరి నోట ఉందో చూడు. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రిక మళ్ళీ తియ్యి. మిత్రభేదంలో దమనకుడనే నక్క చెప్పే కథలకూ నీతులకూ పని, సింహం పింగళకుడికీ ఎద్దు సంజీవకుడికీ మధ్య చిచ్చుపెట్టడం. నీతి అక్కడ ఒక పాత్ర చేతిలో ఆయుధం. దాన్ని పట్టుకున్నవాడెవడో మనకు కనిపిస్తూనే ఉంటాడు. నువ్వు పేజీ అడుగున రాసే వాక్యానికి అలాంటి మనిషి లేడు.

ఈసప్ బానిస కనకనే కథ కట్టాడు అనబోతే ఇంకో అభ్యంతరం నాకే తోచింది. బానిసలు నోరు విప్పి చెప్పలేనిది చెప్పడానికే కథ పుట్టిందని ఫీడ్రస్ అన్నాడు, అతను బానిసత్వం నుంచి విడుదలైనవాడు. కానీ ఈసప్‌కు ముందే గ్రీకు కవి హెసియడ్ డేగ, బుల్‌బుల్ పిట్ట కథ చెప్పాడు. అరిస్టాటిల్ చెప్పే వక్తలూ స్వతంత్రులే. కాబట్టి కథ బానిసల సొత్తు కాదు, ఒప్పుకుంటాను. అయినా, సూటిగా చెప్పడం కష్టమైన చోటే అది పనికొచ్చిందన్నది నిలుస్తుంది. డెల్ఫీవాళ్ళు పాత్ర దొంగిలించాడని నింద వేస్తే ఈసప్ వాళ్ళకు పేడపురుగు కథ చెప్పాడన్న మాట క్రీ.పూ. 422 నాటి అరిస్టాఫనీస్ నాటకంలో ఉంది. కుందేలును చంపిన గద్ద తన గుడ్లను జ్యూస్ దేవుడి ఒళ్ళో దాచినా పేడపురుగు వదలని కథ అది. కథలో పురుగు గెలిచింది, కథ చెప్పినవాణ్ణి మాత్రం డెల్ఫీవాళ్ళు బతకనివ్వలేదంటారు. పిల్లలకు ఇది చెప్పకుండా ఎలా దాటేస్తావు?

నీతి లేకపోతే పిల్లలకు అర్థం కాదంటావేమో. సోక్రటీస్ చివరి రోజున సంకెల తీయగానే కాలు రుద్దుకుంటూ, నొప్పి వెంటే హాయి వస్తోందే, ఇది ఈసప్ కంటపడి ఉంటే కథ కట్టేవాడన్నాడు: పోట్లాడుకునే ఆ ఇద్దరినీ దేవుడు కలపలేక తలలు అతికించేశాడట. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇది చెప్పి చూడు, వివరణ అడగదు.

ముందు సామోస్ నక్క కథ రాసి నాకు పంపు. పైన సభ ఉండాలి, నేరం ఏమిటో ఉండాలి, కింద ఏమీ ఉండకూడదు. ప్రచురణకర్త ఒప్పుకోకపోతే అతనికి నేనే ఉత్తరం రాస్తాను, చిరునామా పంపించు. మీ అమ్మనూ అల్లుణ్ణీ అడిగానని చెప్పు.

మీ పెదనాన్న