నిన్నటి రుచే ఇవాళ కూడా: కర్రీ పాయింట్ నడిపేవారికి వంటింటి లెక్కలు

కర్రీ పాయింట్‌కు మొదటిసారి వచ్చేవారు రుచి చూద్దామని వస్తారు. మళ్లీ వచ్చేది అదే రుచి దొరుకుతుందన్న నమ్మకంతో. మొన్న సాంబారులో పులుపు ఎక్కువై, ఇవాళ ఉప్పు తక్కువైతే, రేపు పక్క షాపుకి వెళ్తారు. వంట బాగా వచ్చినవారికీ ఈ చిక్కు తప్పదు. ఇంట్లో నలుగురికి చేతి అంచనా చాలు, అమ్మకానికి వండేచోట చాలదు. సరుకుల తూకం, లేని సరుకుకు బదులు, పొయ్యి మంట: ఈ మూడూ అదుపులో ఉంటేనే రుచి నిలుస్తుంది.

చేతి కొలతను గ్రాముల్లోకి మార్చండి

గుప్పెడు, గరిటెడు మనిషిని బట్టి మారతాయి. సోల, తవ్వ, మానిక వంటి పాత కొలపాత్రలు బియ్యానికీ పప్పుకీ ఇప్పటికీ పనికొస్తాయి, రోజూ అదే పాత్ర వాడితే. పొడుల దగ్గర మాత్రం తూకమే నమ్మకం. ఒకే కప్పులో మైదా సుమారు 120 గ్రాములు పడితే, పంచదార 200 గ్రాముల దాకా పడుతుంది. స్పూనుడు రాళ్ల ఉప్పు, స్పూనుడు మెత్తని ఉప్పుకన్నా తక్కువ తూగుతుంది. లీటరు నూనె బరువు కిలో కాదు, సుమారు 910 గ్రాములు.

వంట చేసేవారి చేతి అంచనాను పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. వంటకు ముందు కారం డబ్బా తూచండి, అయ్యాక మళ్లీ తూచండి. ఆ తేడాయే వారి కొలత. ఉప్పు, చింతపండు, నూనె కూడా ఇలాగే చూసి, బాగా కుదిరిన రోజు లెక్కను కాగితం మీద రాసి గోడకు అంటించండి. వారు సెలవు పెట్టిన రోజు వేరేవారు ఆ లెక్కతో వండగలరు.

కిలో కూర లెక్కను పది కిలోలకు పెంచేటప్పుడు నీళ్లు పది రెట్లు పోయకండి. పెద్ద గిన్నెలో ఆవిరయ్యే వాటా తక్కువ. కారం, మసాలా లెక్కలో ముప్పావు వంతు వేసి, రుచి చూశాక మిగతాది కలపండి.

పచ్చళ్లు, స్వీట్లు కిలోల్లో అమ్మితే, కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి.

లేనిదానికి బదులు

చింతపండుకు బదులు టమాటా వాడితే పులుపు తగ్గుతుంది, తీపి కొంచెం తగులుతుంది. నిమ్మరసమైతే పొయ్యి మీంచి దించాకే పిండాలి, మరిగితే చేదెక్కుతుంది. మామిడికాయ పులుపు కాయ కాయకీ మారుతుంది కాబట్టి ముందు ముక్క కొరికి చూడండి. ఏ పులుపైనా ముందే పడితే పప్పు ఉడకడం ఆలస్యమవుతుంది.

గుంటూరు మిర్చి బదులు బ్యాడిగి కారం వేస్తే రంగు వస్తుంది, ఘాటు తగ్గుతుంది. రెండూ కలిపి వాడటం మంచిది. పాయసంలో పంచదార బదులు బెల్లం వేసేటప్పుడు, పాలు విరగకుండా దించి, వేడి కొంత తగ్గాక కలపండి.

జీడిపప్పు ముద్దకు బదులు పల్లీ ముద్ద వాడిన రోజు ఆ మాట కొనేవారికి తప్పక చెప్పండి. పల్లీలు పడనివారికి అది ప్రాణాపాయం. ఇంగువ పొడిలో చాలావరకు గోధుమ పిండి గానీ మైదా గానీ కలుస్తుంది. గోధుమ పడనివారు అడిగితే డబ్బా మీద చూసి చెప్పండి.

మంట కూడా ఒక కొలతే

సరుకులన్నీ తూచి వేసినా, మంట బలం మారితే ఉడికే సమయం మారుతుంది. బర్నర్ మంట నీలంగా ఉండాలి. పసుపు మంట వస్తున్నా, గిన్నె అడుగున మసి పడుతున్నా గ్యాస్ సరిగా మండడం లేదు. పొంగిన పాలు, గంజి బర్నర్ రంధ్రాల్లో ఎండిపోవడం దీనికి తరచూ కారణం. రాత్రి రెగ్యులేటర్ కట్టేసి, స్టవ్ చల్లారాక బర్నర్లు తీసి, సబ్బు నీళ్లతో బ్రష్ చేయండి. రంధ్రాలను పిన్నుతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే బిగించండి. గాజు పలక ఉన్న స్టవ్‌పై వేడిగా ఉండగా చన్నీళ్లు పోస్తే పగలవచ్చు.

లీకేజీ అనుమానం వస్తే అగ్గిపుల్ల గీయకండి. అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలు చెబుతాయి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమట్టాన పేరుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టి, తలుపులు తెరిచి, స్విచ్‌లు ముట్టకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. సిలిండర్ నిటారుగా, స్టవ్‌కన్నా కిందుండాలి. వ్యాపారానికి కమర్షియల్ సిలిండరే వాడాలి. ఇంటి సిలిండర్ వాడటం నేరం.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. మీ దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే కూర ఒక్కటి ఎంచుకుని, వారం పాటు తూచి వండండి. ఆ కూర లెక్క గోడ మీదికి ఎక్కాక రెండోదాన్ని పట్టుకోండి.