రహాఉ: ఆగి తలచవలసిన చోటు

నెహ్రూ నగర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలతో కూర్చుని శబద్ నేర్పుతుండగా ఒక పెద్దావిడ నన్ను ఆపారు. "బాబూ, ప్రతి చరణం తర్వాతా మొదటి పంక్తికే వస్తున్నావు. దీనికి పల్లవి అదేనా?" అన్నారు. పుస్తకం చూశాను. కాదు. పల్లవి దాని తర్వాత ఉంది. చివర 'రహాఉ' అని రాసే ఉంది. ఎన్నేళ్లుగానో ఆ మాటను చూస్తూనే దాటిపోయాను.

మాటకు అర్థం

'రహనా' అంటే ఉండడం, నిలవడం. 'రహాఉ' ఆ మూలంలోనిదే. ఆగు, నిలిచి ఆలోచించు అని భావం. హిందుస్తానీ సంగీతంలో 'స్థాయి' అన్నా నిలిచి ఉండేదే. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో ప్రబంధానికి 'ధ్రువ' అనే భాగం ఉంది. అదీ స్థిరమైనదే. మన 'పల్లవి'లో చిగురు అనే అర్థం కనిపిస్తుంది. పేర్లు వేరైనా పని దగ్గరిదే: చరణం పాడి తిరిగి చేరుకునే చోటు. అన్నమయ్య (1408–1503), గురునానక్ (1469–1539) కొంతకాలం సమకాలికులు. అన్నమయ్య సంకీర్తనను పల్లవి పట్టుకుని పాడుకునే మనకు రహాఉ కొత్త కాదు.

ఒక ఉదాహరణ

ధనాసరి రాగంలో గురునానక్ చెప్పిన ఆరతి శబద్ తీసుకోండి. ఆయన పూరీ జగన్నాథంలో దీన్ని పాడారని సంప్రదాయం చెబుతుంది. మొదటి పదంలో ఆకాశం పళ్లెం, సూర్యచంద్రులు దీపాలు, చుక్కలు ముత్యాలు, చందనపు గాలి ధూపం. తర్వాత రహాఉ వస్తుంది: సంసార బంధాన్ని తెంచేవాడా, నీ ఆరతి ఎంత అద్భుతం, అనాహత నాదమే భేరిగా మోగుతోంది అని దాని భావం.

మొదటి పంక్తినే పల్లవి చేస్తే, విన్నవారు ఆకాశపు వర్ణన పట్టుకుని ఇంటికి వెళ్తారు. రహాఉకు తిరిగి వస్తే, మన చేతిలో పళ్లెం లేకపోయినా ఆరతి ఎప్పుడూ జరుగుతూనే ఉందన్న మాట మనసులో నిలుస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

1. సాధారణంగా రహాఉ మొదటి పదం తర్వాత వస్తుంది. కీర్తనలో దాన్నే స్థాయిగా ఎత్తుకోవాలి, మిగిలిన పదాలు అంతరాలు.
2. 'రహాఉ' అన్న మాట గుర్తు మాత్రమే, కీర్తనలో పాడరు.
3. కొన్ని శబద్‌లలో రెండో రహాఉ కూడా ఉంటుంది. ప్రశ్న ఒకచోట, జవాబు మరోచోట ఉండవచ్చు. రెండూ చూడాలి.
4. అన్ని బాణీలకూ రహాఉ ఉండదు. జప్‌జీలో లేదు. 24 అష్టపదుల సుఖ్‌మనీకి ఒక్కటే, మొదటి అష్టపదిలో ఉంది.

ఆ పెద్దావిడ అడిగిన రోజు నుంచి మా తరగతిలో ముందు రహాఉ వెతికి, దాని అర్థం తెలుగులో చెప్పుకున్నాకే హార్మోనియం తీస్తున్నాం.

అభ్యాసం: మీకు వచ్చిన ఒక శబద్‌లో రహాఉ గుర్తించండి. దాని భావాన్ని ఒక్క తెలుగు వాక్యంలో ఇంట్లో పిల్లలకు చెప్పండి.