బల్లమీది ఇంటర్నెట్ ఫోన్: కరెంటు పోతే?

ప్రశ్న: కొండపాకలో మాకు ఎరువుల దుకాణం ఉంది. ఫైబర్ నెట్ తీసుకున్నాం. కౌంటర్‌కు, లోపలి గదికి రెండు ఐపీ ఫోన్లు పెట్టించాలని ఉంది. ఎలా అమర్చుకోవాలి? కరెంటు పోతే పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, కొండపాక

జవాబు: ముందుగా లైసెన్సున్న టెలికాం సంస్థ నుంచే నంబరు తీసుకోండి. వాళ్లు సర్వర్ చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు. ఫోన్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. ఫోన్ మెనూలో కనిపించే ఐపీ అడ్రస్‌ను కంప్యూటర్ బ్రౌజర్‌లో కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. ఆ వివరాలు అక్కడ నింపాలి. ఫోన్ తయారీ కంపెనీ పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను అప్పుడే మార్చేయండి. లేకపోతే మోసగాళ్లు మీ లైన్‌లోంచి విదేశాలకు కాల్స్ చేసి బిల్లు మీ నెత్తిన వేస్తారు.

ఒక కాల్‌కు రానూపోనూ సుమారు 100 కేబీపీఎస్ చొప్పున చాలు. కాబట్టి రెండు ఫోన్లకు మీ ఫైబర్ ధారాళంగా సరిపోతుంది. ఒకవైపు మాటే వినిపిస్తుంటే రౌటర్‌లో ‘సిప్ ఏఎల్‌జీ’ అనే సెట్టింగును ఆపి చూడండి.

పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది. ఐపీ ఫోన్‌కు అలా రాదు. ఫైబర్ పెట్టె, రౌటర్, ఫోన్లు అన్నింటినీ యూపీఎస్‌కు కలపాలి. లాన్ కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్ కొంటే ఫోన్లకు వేరే అడాప్టర్లు అక్కర్లేదు, ఫోన్లకు బదులు ఆ స్విచ్‌ను ఫైబర్ పెట్టె, రౌటర్‌లతో పాటు యూపీఎస్ మీద ఉంచితే చాలు. అత్యవసర నంబరు 112కు చేయాల్సి వస్తే మాత్రం దీన్నే నమ్ముకోకండి, సెల్‌ఫోన్ దగ్గర ఉంచుకోండి.