కీలులోని నిప్పురవ్వ

భవాని పేట్, షోలాపూర్

చి. మనవరాలికి,

"మోకాళ్లలో గుజ్జు అరిగింది" అనే మాట మన పేటలో సాంచాల (మరమగ్గాల) దగ్గర గంటల తరబడి నిలబడేవాళ్ల నోటా, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల నోటా వింటూనే ఉంటావు. సాంచెలో పళ్లచక్రం అరిగినట్టే మోకాలూ అరుగుతుందని చాలామంది అనుకుంటారు. జీవశాస్త్రం చదివే నువ్వు ఆ పోలికతో సరిపెట్టుకోకు. ఇనుప చక్రంలో ప్రాణం లేదు. జనం గుజ్జు అనే, ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థిలో బతికున్న కణాలున్నాయి, అరుగుదలలో వాటి చేయి కూడా ఉంది.

మృదులాస్థిలో కొలాజెన్ పోగులు పడుగూపేకల్లా అల్లుకుని ఉంటాయి, వాటి సందుల్లో నీరు పీల్చుకున్న జిగురు నిండి ఉంటుంది. ఈ బట్టను నేసే కణాలు మాత్రం చాలా కొద్ది. ఆ కణాల్లోని ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి సూపర్‌ఆక్సైడ్‌గా మారుస్తుంది. మైటోకాండ్రియాలోనూ కొంత పుడుతుంది. ఈ సూపర్‌ఆక్సైడే తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది, నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిస్తే పెరాక్సీనైట్రైట్ అవుతుంది. ఈ అణువులే కీలులోని నిప్పురవ్వలు. సూపర్‌ఆక్సైడ్ వల్ల కీలుద్రవం చిక్కదనం పోతుందని 1974లో జో మెకార్డ్ అనే శాస్త్రవేత్త చూపినప్పుడు, అనుమానం వాపు దగ్గరికి చేరే తెల్లరక్తకణాల మీదికి పోయింది. అయితే 1990లో కుందేలు మృదులాస్థి కణాలే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తాయనీ, వాపు కబుర్లు మోసే సైటోకైన్లు తగిలితే అది పెరుగుతుందనీ తేలింది. తర్వాత మనిషి కణాల్లోనూ ఆ ఎంజైమ్ భాగాలు కనిపించాయి.

రక్తనాళాలే లేని మృదులాస్థిలో ఆక్సిజన్ ఎక్కడిదని అడుగుతావేమో. ఈ కణాలు శక్తి కోసం ఆక్సిజన్ మీద పెద్దగా ఆధారపడవు, నిజమే. కానీ కీలుద్రవం నుంచి ఇంకి వచ్చే కొద్దిపాటి ఆక్సిజన్ ఆ అణువుల తయారీకి చాలు. మరి ఆక్సీకరణను అడ్డుకునే విటమిన్ మాత్రలతో ఈ నిప్పు ఆర్పేస్తే పోదా? ఆస్ట్రేలియాలో మోకీలు అరుగుదల ఉన్నవాళ్లకు రెండేళ్లు విటమిన్ ఇ ఇచ్చి చూశారు, మందులేని మాత్రలు మింగినవాళ్ల కంటే వాళ్ల మృదులాస్థి ఎక్కువేమీ నిలవలేదు. అసలు ఈ నిప్పు పూర్తిగా ఆరిపోనూ కూడదు, కొద్ది మోతాదులో ఇవే అణువులు కణం లోపల కబుర్లు మోస్తాయి. హద్దు దాటినప్పుడే నేసిన చేతులే బట్టను చింపుతాయి. మితమైన కదలిక మృదులాస్థికి పోషణ అందిస్తుంది, మితిమీరిన ఒత్తిడి పడితే కణాల్లో సూపర్‌ఆక్సైడ్ పెరుగుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి.

కాబట్టి పేటలో ఎవరైనా "గుజ్జు అరిగింది, ఇక చేసేదేముంది" అంటే, లోపల కణాలు ఇంకా బతికే ఉన్నాయని చెప్పు. ఒంటి బరువు తగ్గించుకోమను, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమను, పని మధ్యలో కాసేపు భంగిమ మార్చమను. నువ్వు చదివిన చదువు ముందుగా ఈ మోకాళ్లకు అక్కరకు రావాలి.

ఆశీస్సులతో,
తాత