శనాదివారాల సరదాకి సెకండ్‌హ్యాండ్ కారు: ఇంటావిడ చిట్కాలు

ఇంట్లో కుర్రాడు ఫోన్లో ఎర్ర కారు చూపించి "అమ్మా, సెకండ్‌హ్యాండే, చవగ్గా వస్తుంది" అంటున్నాడా? వెంటనే కసురుకోకండి వదినా, అలాగని బీరువా తాళం కూడా తీయకండి. పుల్లలచెరువులో ఉంటూ మార్కాపురం, శ్రీశైలం తిరిగేవాళ్లకి పనికొచ్చేవి చెబుతాను, రాసుకోండి.

1. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మాట ముందే తీసి పక్కన పెట్టండి. అత్తగారు, పిల్లలు, పులిహోర డబ్బా ఎక్కాక కూడా హుషారుగా లాగే తేలికపాటి చిన్న కారైతే సరదాకి సరదా, ఇంటిపనికి ఇంటిపని.

2. మొదటిసారి కొనేవాళ్లు పెట్రోలు స్విఫ్ట్‌తో మొదలుపెట్టండి. 2018లో వచ్చిన మోడలు 900 కిలోలు కూడా తూగదు, మలుపుల్లో చెప్పినట్టు వింటుంది, ఏ ఊరి మెకానిక్కైనా విప్పి బిగిస్తాడు.

3. ఇంకాస్త దూకుడు కావాలంటే బాలెనో ఆర్‌ఎస్ వెతకండి. 2017లో వచ్చి 2020లో ఆగిపోయిన టర్బో బండి, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులే. తలుపులు, అద్దాలు మామూలు బాలెనోవి సరిపోతాయి, ఇంజను సామాను ఎక్కడ దొరుకుతుందో మాత్రం ముందే కనుక్కోండి.

4. కుర్రాళ్లంతా కలవరించే పోలో జీటీ టీఎస్‌ఐ 2013లో వచ్చింది. నడిపితే దిగబుద్ధి కాదు, నిజమే. కానీ ఆ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు మొరాయిస్తే బాగుచేయించడం వేలల్లో తేలే పని కాదు. 2020 తర్వాతి ఒక లీటరు టర్బో పోలోలో ఆ గేర్‌బాక్సు లేదు, ఆశ చావకపోతే అది చూడండి.

5. ఫోర్డ్ ఫిగో స్టీరింగు పట్టుకున్నవాళ్లు వేరే బండి మెచ్చుకోరు. ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీకి స్వస్తి చెప్పింది కాబట్టి పాత ఫిగో ధర దిగే ఉంటుంది. సర్వీసు సెంటరు ఎంత దూరమో లెక్కేసుకుని ఇంకొంచెం దించమనండి.

6. పాలియో, ఐకాన్, పాత హోండా సిటీ వీటెక్ చూసి ముచ్చటపడొద్దని అనను. కానీ 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి దానికే 5,000 ఫీజు, 20 ఏళ్లు దాటితే ఇంకా ఎక్కువ, పైన ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్సు, ఆపైన సామాను కోసం వేట.

7. వారానికి రెండు రోజులు తిరిగే బండికి డీజిల్ దండగ. లీటరు మీద మిగిలిన పది రూపాయలూ ఒక్క ఇంజెక్టర్ రిపేరులో పోతాయి.

8. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023కి ముందు బండైతే పెట్రోలు గొట్టాలు, రబ్బరు వాషర్లు చూపించి పాతవైతే మార్పించేయండి. ఆ కాస్త ఖర్చుతో దారిలో ఆగిపోయే బాధ తప్పుతుంది.

9. చేతిలో నాలుగు లక్షలుంటే మూడూ ముప్పావు లక్షల బండి చూడకండి, మూడుంపావు దగ్గరే ఆగండి. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, పేరు మార్పు అన్నీ మొదటి రెండు నెలల్లోనే మీదపడతాయి.

10. పాత కారుకిచ్చే లోనుకి కొత్త కారు లోను కన్నా వడ్డీ ఎక్కువ. చీటీ పాడుకునే వీలుంటే అది చూడండి, లేదా బ్యాంకులో బంగారం మీద ఎంతకిస్తారో అడిగి రెండు వడ్డీలూ పక్కపక్కన రాసుకోండి.

11. మిర్చి, పత్తి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో మన వైపు బండి బేరానికి వెళ్లకండి, అమ్మేవాడు మెట్టు దిగడు. ఆషాఢంలో వెళ్లండి. కొనేవాళ్లు ఉండరు, కుర్చీ వేసి టీ ఇచ్చి మరీ తగ్గిస్తారు.

12. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అమ్మేవాడు "నేను కొన్నప్పుడు ఇంత పెట్టాను" అంటే వాదించకుండా ఇప్పటి కొత్త కారు ధర ఫోన్లో చూపించండి.

13. బండి చూడ్డానికి ఛార్జీలు పెట్టుకుని వెళ్లేముందే నంబరు అడిగి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా అన్నీ ఇంట్లో కూర్చునే తెలుస్తాయి. పెండింగు చలాన్లు కూడా చూసి, అవి కట్టాకే మాట్లాడదామనండి.

14. ఢిల్లీ డీజిల్ కార్లు చవగ్గా ఎందుకొస్తాయో తెలుసా? అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండి తిప్పకూడదని 2015లోనే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. అక్కడి నుంచైనా, హైదరాబాదు నుంచైనా బండి తెస్తే ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. అది కలిపితే చవక ఎంత మిగులుతుందో కాగితం మీద పెట్టండి.

15. విజయవాడ బండి అంటే ఒకటికి రెండుసార్లు చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, కార్పెట్ ఎత్తండి, స్టెప్నీ కింద వేలు పెట్టి చూడండి. ఎంత కడిగినా ఈ మూడు చోట్ల మట్టి గీత, ముక్క వాసన దాక్కునే ఉంటాయి. నీళ్లు తాగిన కారు వైరింగు ఏడాదికైనా తిరగబెడుతుంది, సగానికిచ్చినా వద్దు.

16. చీరాల, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండైతే కిందికి వంగి టార్చి వేసి చూడండి. ఉప్పుగాలి తుప్పు పై రంగు మాటున ఉండి కనిపించదు.

17. "పొద్దున్నే వస్తాం, మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే చల్లని ఇంజను మొండికేస్తుందని వాళ్లకి ముందే తెలుసన్నమాట.

18. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది, తెల్లపొగ ఆగకుండా వస్తే లోపలికి కూలెంట్ పోతోంది. రెండిట్లో ఏదైనా సరే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

19. మీటరు 30,000 చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగు, డ్రైవరు సీటు అంచు చూడండి. అవి అరిగి నున్నబడితే మీటరు వెనక్కి తిరిగిందనే లెక్క. సర్వీసు చిట్టా అడిగితే అసలు కిలోమీటర్లు బయటపడతాయి.

20. టైరు మీద ఆఖరి నాలుగంకెలు చదవండి: 3521 అంటే 2021లో 35వ వారం తయారీ. ఆరేళ్లు దాటిన టైర్లుంటే నాలుగు కొత్త టైర్ల ఖరీదు ధరలోంచి కొట్టేయమనండి.

21. తలుపులు, బానెట్ బోల్టుల మీద రంగు లేచిపోయిందా చూడండి. లేచిందంటే ఎప్పుడో విప్పారు, ఎందుకు విప్పారో అడగండి.

22. కింది దాకా దింపిన సస్పెన్షన్, లావు టైర్లు, గొంతు మారిన సైలెన్సర్ ఉన్న బండి మనకొద్దు. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి అడుగు గీరుకుపోతుంది, కంపెనీది కాని సైలెన్సర్‌కి పోలీసులు ఫైన్ రాస్తారు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు కొర్రీ పెడతారు.

23. ఒక్కరే నడిపి చూసి తృప్తిపడకండి, నలుగురు ఎక్కండి. ముందు మన సందుల్లో స్పీడ్ బ్రేకరు మీద, తర్వాత త్రిపురాంతకం దగ్గర హైవే మీద నడపండి. మొదటిదాంట్లో టకటకా చప్పుళ్లు, రెండోదాంట్లో స్టీరింగు ఒణుకు బయటపడతాయి.

24. ఏసీని మధ్యాహ్నం ఎండలో, ఎత్తెక్కేటప్పుడు పరీక్షించండి. మే నెల మార్కాపురం ఎండని తట్టుకున్న ఏసీ ఎక్కడైనా తట్టుకుంటుంది.

25. మీ మెకానిక్కుని మీరే తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్కు వాళ్లకి చుట్టమే. కూలీ, భోజనం కలిపి వెయ్యో రెండు వేలో అవుతుంది, వేలల్లో బేరం తగ్గుతుంది.

26. డబ్బంతా ఇచ్చేముందు 29, 30 ఫారాల మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే 35వ ఫారం, బ్యాంకు ఎన్‌ఓసీ చేతిలో పడాలి. 30 రోజుల్లోపు ఆర్టీవో ఆఫీసులో పేరు మార్పించండి, ఇన్సూరెన్సు 14 రోజుల్లోపే. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం ఆ లెక్కన అడగండి.

27. బండి ఇంటికొచ్చాక కొబ్బరికాయ కొట్టించండి, మర్నాడే ఇంజనాయిలు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిలు మార్పించండి. "మొన్నే మార్చాం" అనే మాటకి బిల్లు ఉంటే తప్ప విలువ లేదు.

28. మొదటి షికారుకి దోర్నాల మీదుగా శ్రీశైలం పెట్టుకుంటే పొద్దున్నే బయల్దేరండి, రాత్రి తొమ్మిదికి అడవి గేటు వేసేస్తారు. ఘాట్ దిగేటప్పుడు రెండో, మూడో గేరులో వదిలితే బ్రేకులు కాలవు, ప్యాడ్ల ఆయుష్షు పెరుగుతుంది.

29. ఆ దారి పులుల అడవి, రేసు కోసం కాదని కుర్రాడికి గట్టిగా చెప్పండి. వేగం మీద అంత మోజుంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచీ రేసు ట్రాకు ఉంది, డబ్బు కట్టి అక్కడ తీర్చుకోమనండి. గిద్దలూరు దాటాక దిగువమెట్ట ఘాట్, కంభం చెరువు కట్ట అయితే నిదానంగా వెళ్తేనే బాగుంటాయి.

30. వారమంతా షెడ్డులో ఉండే బండికి ఎలుకలే పెద్ద శత్రువులు, ఒక్క రాత్రిలో వైర్లు కొరికేస్తాయి. ఇంజను చల్లారాక నాలుగు పొగాకు కాడలు గుడ్డలో కట్టి బానెట్ కింద పెట్టండి, మన వైపు పొగాకుకి కొదవా! స్టార్ట్ చేసేముందు మాత్రం మర్చిపోకుండా తీసేయండి, వేడికి కాలతాయి.