మడమ నేలకు ఆనాలంటే...

ఒక్కసారి లేచి నిలబడండి. మడమలు ఎత్తి, మునివేళ్ల మీద గది ఈ చివరినుంచి ఆ చివరికి నడవండి. పిక్కలు లాగుతున్నాయి కదూ! మదనపల్లె టమాటా మార్కెట్టులోనో, పుంగనూరు బస్టాండులోనో, కుప్పం రైల్వే స్టేషనులోనో ఎప్పుడూ ఇలాగే నడిచేవారిని మీరు చూసి ఉండవచ్చు. వారిలో చాలామందికి మడమ నేలకు ఆనదు. ఎందుకని?

మడమకు కాస్త పైన, వెనకవైపు వేళ్లతో నొక్కి చూడండి. గట్టి తాడులాంటిది తగులుతుంది. అదే పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే స్నాయుబంధనం. పెద్దవారిలో ఇది సుమారు 15 సెంటీమీటర్ల పొడవుంటుంది.

ఎముకలు పెరిగేకొద్దీ కండరాలూ సాగుతూ పెరగాలి. సెరిబ్రల్ పాల్సీలో, మెదడు దెబ్బతిన్నందువల్ల పిక్క కండరం బిగుసుకొని ఉంటుంది. ఎముకతో సమంగా పెరగదు. పోలియోలో పాదాన్ని పైకెత్తే కండరాలు చచ్చుబడితే, ఎదురులేని పిక్క మడమను పైకి లాగేస్తుంది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011లో నమోదయింది. అంతకుముందు ఆ జబ్బు బారినపడినవారు ఇంకా మన మధ్య ఉన్నారు.

వ్యాయామం, పిండికట్టు చాలనప్పుడు శస్త్రచికిత్స చేస్తారు. కొత్త ముక్క అతకకుండా తాడును పొడిగించడమెలా?

చేసి చూడండి: 15 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు గల కాగితపు పట్టీ తీసుకోండి. నడిమధ్యన నిలువుగా 5 సెం.మీ. చీల్చండి. చీలిక పైకొసనుంచి ఎడమ అంచుకు, కింది కొసనుంచి కుడి అంచుకు అడ్డంగా కత్తిరించండి. రెండు ముక్కలనూ 1 సెం.మీ. ఎడంగా జరపండి. పట్టీ 16 సెం.మీ. అయింది! పక్కపక్కనే ఉన్న సగాలను వెనకనుంచి అతికించండి. వైద్యులు కుట్లు వేసేది ఇలాగే. ఖాళీలను శరీరమే కొత్త పోగులతో నింపుకుంటుంది. అందుకే సుమారు ఆరు వారాలు పిండికట్టు.

అయితే ఎంత పొడిగించాలన్నదే చిక్కు. ఎక్కువైతే పిక్క బలం తగ్గి, మోకాళ్లు వంగిపోతాయి. తొడ కండరాలు చచ్చుబడిన కొందరు పోలియో రోగులకు, మడమ కొద్దిగా లేచి ఉండడమే మోకాలు మడతపడకుండా కాపాడుతుంది! దాన్ని పూర్తిగా సరిచేస్తే అసలు నడకే పోవచ్చు. అందుకే వైద్యులు కత్తి పట్టేముందు రోగిని నడిపించి చూస్తారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి ఇటువంటి ఎముకల, కీళ్ల చికిత్సలకు పేరుపొందింది.

ఈ చికిత్స మెదడులోని లోపాన్ని మాన్పదు. పిల్లవాడు ఎదిగేకొద్దీ బిగువు మళ్లీ రావచ్చు. కాబట్టి తర్వాత కూడా వ్యాయామం మానరాదు. మీ తరగతిలో అలా నడిచే స్నేహితుడుంటే వెక్కిరించకండి. మీరు గది దాటేసరికే అలసిపోయారు. అతడు బడిదాకా వస్తున్నాడు.

ఆలోచించండి: అదే పట్టీని 4 సెం.మీ. ఎడంగా జరిపితే అతికించడానికి ఎంత మిగులుతుంది? ఆ అతుకు నిలుస్తుందా?